ట్రంకు పెట్టెలో నలభై ఏళ్లు పడున్న ఫోటోలు ఇప్పుడెందుకు ఏడిపిస్తున్నాయి?

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరయ్యాను. 1981–83లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో మేం నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం: పాలకొల్లు, అనకాపల్లి, పార్వతీపురం, నేను బొబ్బిలి. పెళ్లిళ్లయి ఇంటిపేర్లు మారినా ఆ పిలుపులు మారలేదు. పాలకొల్లు 2021 మే నెలలో హైదరాబాద్‌లో కరోనాతో పోయింది. కడచూపు కూడా దక్కలేదు. అనకాపల్లి మొన్న చలికాలంలో క్యాన్సర్‌తో పోయింది. తనకీ నాకూ మధ్యలో కొన్నేళ్లు మాటల్లేవు, తర్వాత కలిసిపోయాం. తన పెద్దకర్మకు వెళ్తే, దండ వేసిన ఫోటోలో తన భుజం మీద నా వేళ్లు కనిపించాయి. వాళ్లమ్మాయి పెళ్లిలో ఇద్దరం కలిసి దిగిన ఫోటో అది. నన్ను కత్తిరించేసి తనను ఉంచారు.

ఇంటికొచ్చి అటక మీంచి ట్రంకు పెట్టె దింపించాను. పాలకొల్లు దగ్గర అగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉండేది. రీలు కోసం నెలనెలా డబ్బు దాచుకునేది. తను తీసిన చిన్న చిన్న నలుపు తెలుపు ఫోటోలు, కొన్ని నెగెటివ్‌లు అందులో ఉన్నాయి. నేను మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నది, అనకాపల్లి తల ఆరబెట్టుకుంటున్నది, ఇలాంటివి. బీచ్‌లో సముద్రం ముందు మేం ముగ్గురం నిలబడ్డ ఫోటో ఒకటుంది. అనకాపల్లి అందులో నా వెంకటగిరి చీర కట్టుకుంది. కింద నల్లగా ఏదో నీడ పడి ఆ ఫోటో పాడైంది. హుద్‌హుద్ తుఫానప్పుడు తడిసి కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి కూడా. ఇన్నేళ్లూ వాటి ఊసే ఎత్తలేదు. ఇల్లు మారినప్పుడు పారేద్దామని కూడా అనుకున్నాను. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అవి ముందేసుకుని కూర్చుంటున్నాను. మావారేమో "ఏడవడానికేనా, మళ్లీ అటక మీద పడేయ్" అంటున్నారు. పాలకొల్లు కూతురు ఫోన్ చేసి "అమ్మ చదువుకునే రోజుల ఫోటోలుంటే పంపండి ఆంటీ" అంది. చూస్తానన్నాను కానీ ఇవ్వబుద్ధి కావడం లేదు. పైగా కెమెరా తన చేతిలోనే ఉండేది కాబట్టి తను ఉన్న ఫోటోలు దాదాపు లేవు. నాకేమైనా అయిందా? వీటిని ఏం చేయను?

— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీకేమీ కాలేదమ్మా. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. స్నేహితులు ఒక్కొక్కరే వెళ్లిపోయే వయసు వచ్చాక చాలా ఇళ్లలో ఏదో ఒక పెట్టె ఇలాగే అటక దిగుతుంది. ఎందుకిలా అవుతుందో నాకు తోచింది చెబుతాను. ఆ ఫోటోలతో ఏం చేయాలో తర్వాత చెబుతాను. అది కాస్త తొందరగా చేయాల్సిన పని.

వాళ్లిద్దరూ ఉన్నన్నాళ్లూ మీకు ఆ ఫోటోలతో పనిలేదు. ఆ రోజు బీచ్‌కి ఎందుకు వెళ్లాం, ఆలస్యమైనందుకు వార్డెన్ ఏమంది అని ఎప్పుడైనా సందేహమొస్తే అనకాపల్లికి ఫోన్ చేస్తే సరిపోయేది. ఆమె సగం చెబితే "కాదే, అది వేరే రోజు" అని మిగతా సగం మీరు చెప్పేవారు. ఆ రెండేళ్లూ నలుగురి దగ్గరా నాలుగు వాటాలుగా ఉండేవి. నలుగురూ కలిస్తే మొత్తం కథ అయ్యేది. ఇప్పుడు రెండు వాటాలు పోయాయి. వాళ్లకు మాత్రమే తెలిసిన మీరు కూడా వాళ్లతో పాటు కొంత వెళ్లిపోయారు. ఇరవై రెండేళ్ల బొబ్బిలి పరీక్షల ముందు రాత్రి నిద్రలో ఏం కలవరించేదో మీకు తెలియదు. పక్క మంచం మీద పడుకున్న పాలకొల్లుకు తెలుసు. కాబట్టి ఆ ఫోటోల్లో మీరు వాళ్లను మాత్రమే వెతుక్కుంటున్నారని అనుకోకండి.

ఆఖరి సంవత్సరం డిపార్ట్‌మెంట్ వాళ్లు దిగిన గ్రూప్ ఫోటో కూడా మీ దగ్గర ఉండే ఉంటుంది. అలాంటివి అట్ట మీద అతికించి, కింద "కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అంటూ అందరి పేర్లూ వేసి ఇచ్చేవారు. ఎన్నేళ్ల తర్వాత ఎవరి చేతిలో పడ్డా దాని సంగతి అదే చెప్పుకుంటుంది. మీ బీచ్ ఫోటోకి ఆ వీలు లేదు. వెనక్కి తిప్పితే మహా అయితే స్టూడియో ముద్ర ఉంటుంది. అందులో ఉన్న ముగ్గురూ ఎవరో, ఆ చీర ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద ఇప్పుడు ఇద్దరే, మీరూ పార్వతీపురమూ. ఎవరూ చెప్పకపోయినా మీ మనసుకు ఆ సంగతి తెలిసిపోయింది. రోజూ మధ్యాహ్నం మిమ్మల్ని ఆ పెట్టె ముందు కూర్చోబెడుతున్నది అదేనని నా నమ్మకం.

మీ ఉత్తరంలో ఒక్క మాటతో మాత్రం నేను ఒప్పుకోను. నీడ పడి ఫోటో పాడైందన్నారు. క్లిక్ 3 అంటే నల్లటి చిన్న డబ్బాలాంటి కెమెరా. మనం అమర్చుకోవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఎండగా ఉంటే ఒక గుర్తు, మబ్బుగా ఉంటే ఇంకో గుర్తు. వెలుతురు చాలాలంటే ఎండ తీసేవాళ్ల వీపు మీదా, దిగేవాళ్ల మొహం మీదా పడాలి. అలాంటి కెమెరా పట్టుకున్నవాళ్లు మొదట నేర్చుకునే పాఠం అదే. రామకృష్ణా బీచ్‌లో సముద్రం తూర్పున ఉంటుంది. వెనక సముద్రం వచ్చేలా మిమ్మల్ని నిలబెట్టి సాయంత్రం పూట తీసిందంటే, పడమటి పొద్దు ఆమె వెనక ఉంది, మీ కళ్లల్లో పడుతోంది. ముగ్గురూ కళ్లు చికిలించే ఉంటారు, చూడండి. ఫోటోకి కుడివైపు అంచున డాల్ఫిన్స్ నోస్ కొండ కాస్త కనిపించినా కనిపించవచ్చు. పొద్దు వాలేకొద్దీ నీడ సాగుతుంది. ఇసుక మీద మీ కాళ్ల వైపు సాగిన ఆ నలుపు పాలకొల్లు నీడ.

భూతద్దం పెట్టి చూడండి. కెమెరాను రెండు చేతులతో కంటి దగ్గర పట్టుకుంటే మోచేతులు రెండు పక్కలా బయటికొస్తాయి, నీడ కూడా అలాగే పడుతుంది. గాలికి కొంగు లేచి ఉంటే అదీ తెలుస్తుంది. ఆ ఫోటోలో మీరు ముగ్గురే ఉన్నారని రాశారు. నాకైతే నలుగురు కనిపిస్తున్నారు.

ఆమె ఉన్న ఫోటోలు లేవని బాధపడ్డారు కదా, ఆ కెమెరాలో 120 సైజు రీలు ఒకటి వేస్తే వచ్చేవి 12 ఫోటోలు. అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు రీలో, బయట దేశం నుంచి వచ్చే ఓర్వో రీలో కొనాలి. పన్నెండూ అయ్యేదాకా ఆగాలి. స్టూడియోకిచ్చి కడిగించాలి, ప్రింట్లకు వేరే కట్టాలి. ఇంటి నుంచి మనియార్డరు వస్తే గానీ గడవని హాస్టల్ అమ్మాయికి అదెంత ఖర్చో నాకంటే మీకే బాగా తెలుసు. ఒక్క ఫోటో వృథా చేసుకునే స్థితి లేదు. అలాంటిది ఆమె ఆ పన్నెండింటిలో ఎన్ని మీ ముగ్గురి మీద ఖర్చుపెట్టిందో లెక్కపెట్టండి. మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న మీలో ప్రత్యేకం ఏముంది? పండగ లేదు, పబ్బం లేదు. ఆ క్షణంలో మీరు ఆమెకు అపురూపంగా కనిపించారు, అందుకే నొక్కింది. ఆమె మొహం ఉన్న ఫోటో ఒక్కటి దొరికితే చాలని మీరు తపిస్తున్నారు. ఆమె చూపే ఉన్న ఫోటోలు మీ పెట్టె నిండా ఉన్నాయి. వాటిని పాలకొల్లు ఫోటోలనే లెక్కవేసుకోండి.

ఇక మీ ఏడుపు సంగతి. మన లెక్కల్లో స్నేహితురాలికి మైల లేదు. జ్ఞాతులైతే పది రోజులు పట్టింపు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పోతే మూడు రోజులు. ఎన్నడూ మొహం చూడని దూరపు దాయాది పోయినా కబురు తెలిసిన వెంటనే తలస్నానం చేయాలి. ఆనవాయితీ ఇంటికో రకంగా ఉన్నా, చుట్టరికానికి తగ్గ చోటు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది. రెండేళ్లు ఒకే గదిలో పడుకుని, ఒకరి చీరలొకరు కట్టుకుని, నలభై ఏళ్లు కష్టసుఖాలు చెప్పుకున్న మనిషి పోతే మాత్రం మీరు వెళ్లి, చూసి, ఇంటికొచ్చి కుక్కర్ పెట్టాల్సిందే. "ఆవిడ మీకేమవుతారు?" అని పెద్దకర్మ దగ్గర ఎవరో ఒకరు అడిగే ఉంటారు. "ఫ్రెండ్" అనగానే "ఓహో" అని పక్కకు తిరిగి ఉంటారు.

అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1980లలోనే ఈ రకం దుఃఖం గురించి రాశారు. పోయినవాళ్లతో మన సంబంధాన్ని చుట్టూ ఉన్న సమాజం గుర్తించకపోతే మన శోకాన్నీ గుర్తించదని, బాహాటంగా ఏడ్చే హక్కు కూడా మనకు లేనట్టే అవుతుందని ఆయన చెప్పింది. స్నేహితులు ఆ లెక్కలోకే వస్తారు. పది రోజులు ఇంటికి నలుగురూ రావడం, పోయినవాళ్ల గురించే మాట్లాడటం, చెప్పినవే మళ్లీ మళ్లీ చెప్పుకోవడం మనవాళ్లు ఊరికే పెట్టలేదు. ఆ మాటల్లోనే దుఃఖం కొంత దిగుతుంది. అనకాపల్లి కోసం, పాలకొల్లు కోసం మీకు ఆ ఏర్పాటు ఎవరూ చేయలేదు. మధ్యాహ్నాలు ఆ ఫోటోలతో కూర్చుని మీకు మీరే చేసుకుంటున్నారు.

పాలకొల్లు విషయంలో ఇంకో లోటు కూడా ఉంది. 2021 వేసవిలో పోయినవాళ్లను ఎంతోమంది సొంత పిల్లలే దూరం నుంచి చూశారు. కొందరికి అదీ దక్కలేదు. కడచూపు అంటే మనసుకు "ఇక లేదు" అని తెలియజెప్పే పద్ధతి. మీ మనసుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతుందేమో అనే భ్రమ ఎక్కడో మిగిలిపోయింది. అనకాపల్లి పోవడంతో పాతది, కొత్తది రెండూ కలిసి ఒక్కసారే మీద పడ్డాయి. ఏడవండి, ఆపుకోకండి.

భుజం మీద మీ వేళ్ల గురించి మీరు రాసింది చదివి నాకూ మనసు చివుక్కుమంది. అయితే ఆ పిల్లలు కావాలని మిమ్మల్ని తీసేయలేదమ్మా. మనిషి పోయిన రాత్రి ఫ్లెక్సీకీ, దండ వేయడానికీ ఫోటో కావాలి. ఏడుస్తూనే ఫోన్లో వెతుకుతారు. నవ్వుతూ ఉన్నది ఏదైనా దొరికితే స్టూడియోకి పంపుతారు. స్టూడియో అబ్బాయి పక్కవాళ్లను తీసేసి, వెనక నీలం రంగు నింపి ఇచ్చేస్తాడు. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఆ తరం ఆడవాళ్లు ఒంటరిగా ఫోటో దిగిన సందర్భాలు ఎన్నుంటాయి? ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కనే. అన్ని ఫోటోల్లో వెతికితే ఆ పిల్లలకు వాళ్లమ్మ అందరికంటే బాగా నవ్వుతూ దొరికింది మీ పక్కన నిలబడ్డప్పుడు. అది కూడా చూడండి. వాళ్లకు ఫోన్ చేసి కత్తిరించకముందు ఫోటో కావాలని అడగండి. పెళ్లి ఫోటో కాబట్టి ఆల్బమ్‌లోనో, ఫోటోగ్రాఫర్ ఇచ్చిన సీడీలోనో ఉండే ఉంటుంది. గోడ మీద ఫోటోలో ఆ వేళ్లు ఎవరివో కూడా చెప్పండి. నొచ్చుకుంటారేమోనని వెనకాడకండి. అమ్మ భుజం మీద ఎవరి చెయ్యి ఉందో తెలుసుకోవడం వాళ్లకు బాగానే ఉంటుంది.

పాలకొల్లు కూతురి విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. పంపండి, ఈ వారంలోనే. మీకు చెయ్యి ఎందుకు రావడం లేదో అర్థమవుతుంది. మీ దగ్గర మిగిలింది ఇదొక్కటే, ఇదీ పంచితే మీకంటూ ఏం మిగులుతుందని. కానీ ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. ఆమెకు తెలిసిన మనిషి మొదటినుంచీ అమ్మే. అమ్మకు అంతకుముందు ఇంకో జీవితం ఉండేదన్న ఆలోచన చాలామంది పిల్లలకు అమ్మ పోయాక గానీ రాదు. అప్పుడు అడుగుదామంటే అమ్మమ్మ ఉండదు, తాతయ్య ఉండడు. రీలు కోసం డబ్బు దాచుకున్న అమ్మాయి గురించి చెప్పగలిగినవాళ్లు ఇద్దరే మిగిలారని ఇందాక అన్నాను. అందులో ఒకరికి ఆమె ఫోన్ చేసింది. చేయడానికి ఆమెకెంత ధైర్యం కావాల్సి వచ్చిందో!

అసలు ఫోటోలు మీ దగ్గరే ఉంచుకుని కాపీలు పంపండి. ఏదైనా ఫోటోకి రెండు ప్రింట్లుంటే ఒకటి అసలుదే ఇవ్వండి. ఆ కాగితాన్ని వాళ్లమ్మ చేత్తో పట్టుకుంది. ఏ కాపీకీ ఆ విలువ రాదు. మీ తర్వాత ఆ పెట్టె ఎవరికి చేరాలో కూడా ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. మీ పిల్లలకు ఆ మొహాలు తెలియవు. ఏం చేయాలో తోచక పారేస్తే వాళ్లను అనడానికీ ఏమీ ఉండదు.

కాపీలు తీయించడం కంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది, రాయడం. ప్రతి ఫోటోకీ రాయండి. "బీచ్, 1983" అని రాస్తే చాలదు. ఫోటో చూస్తే తెలిసే సంగతులు రాయక్కర్లేదు, తెలియనివే రాయండి. చీర సంగతే చూడండి. అనకాపల్లి పిల్లలు ఆ ఫోటో చూస్తే అది వాళ్లమ్మ చీరే అనుకుంటారు. వెంకటగిరి చీర మీదని, మీ అమ్మగారు కొన్నారో, మరెవరు పెట్టారో, అనకాపల్లి దాన్నెందుకు అడిగి కట్టుకుందో, మరక చేసి తెచ్చిందో, అసలు తిరిగిచ్చిందో లేదో మీకే తెలుసు. ఆ ముక్క రాస్తే ఫోటోలో ఉన్న అమ్మాయి కదులుతుంది. ఆ నీడ ఎవరిదో రాయండి. నొక్కేముందు ఆమె ఏమనేదో గుర్తుంటే అదీ రాయండి.

పోట్లాటలు కూడా రాయాలి. ఫోటోల్లో ఒక లోపముంది. గొడవపడ్డ రోజు ఎవరూ కెమెరా బయటికి తీయరు. ఆల్బమ్ నిండా షికార్లు, పుట్టినరోజులు, పెళ్లిళ్లే ఉంటాయి. అవే చూస్తూ కూర్చుంటే పోయినవాళ్లు నవ్వే బొమ్మలైపోతారు. అనకాపల్లితో మాటల్లేని ఏళ్ల గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. బహుశా ఆ నవ్వు మొహం చూసినప్పుడల్లా అదే గుచ్చుకుంటోంది. ఎందుకు మాట్లాడుకోలేదు, ముందు ఎవరు తగ్గారు, మళ్లీ కలిసినప్పుడు ఏమనుకున్నారు, ఇవి మీ కోసం ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. మాట పోయి మళ్లీ కలిసిందంటే ఆ స్నేహం ఎంత గట్టిదో రాస్తుంటే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఫోటోల సంగతి. మీ దగ్గర ఉన్నవాటిలో గట్టివి ఆ చిన్న నలుపు తెలుపువే. వాటిలో బొమ్మను పట్టి ఉంచేది వెండి. సరిగ్గా కడిగిన ప్రింటు వందేళ్లు దాటినా నిలుస్తుంది. కలర్ ఫోటోల్లో రంగులు కాలంతో వెలిసిపోతాయి. 80లు, 90ల నాటి పెళ్లి ఆల్బమ్‌లు ఎర్రబారిపోవడం మీరూ చూసే ఉంటారు. కాబట్టి మీ పెళ్లి, వాళ్ల పెళ్లిళ్ల కలర్ ఫోటోలుంటే ముందు వాటిని స్కాన్ చేయించండి. జిగురు పేజీ మీద పెట్టి ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లో ఉంటే గుంజకండి. సన్నటి గట్టి దారాన్ని ఫోటో కింద నుంచి మెల్లగా లాగితే కొన్ని ఊడివస్తాయి. రాకపోతే ఉన్నచోటే కాపీ తీయించండి. తుఫానులో అంటుకుపోయిన నలుపు తెలుపు ఫోటోలను పొడిగా ఉండగా విడదీస్తే బొమ్మ పొర లేచిపోతుంది. పైకి కనిపించేదాన్ని ముందు కాపీ తీసి పెట్టుకుని, తర్వాత చల్లటి శుభ్రమైన నీళ్లలో కాసేపు ఉంచితే చాలావరకు వాటంతటవే విడిపోతాయి. బొమ్మ పైకి ఉండేలా పాత నూలు బట్ట మీద నీడలో ఆరబెట్టండి. వెనక సిరాతో రాత ఉన్నవాటిని మాత్రం నీళ్లలో పెట్టొద్దు. ముందు మామూలుదొకటి వేసి చూడండి. మీ బీచ్ ఫోటో జోలికి అప్పుడే వెళ్లకండి.

నెగెటివ్‌లు ఉన్నాయన్నారు, అవి మీ అదృష్టం. క్లిక్ 3 ప్రింట్లు తరచూ నెగెటివ్ ఎంతో అంతే సైజులో, రెండుంపావు అంగుళాలు ఉంటాయి. అందులో మొహం గోరంత కనిపిస్తుంది. అదే నెగెటివ్‌ను మంచి స్కానర్ మీద పెట్టి పెద్దది చేయిస్తే ఆ ప్రింట్లో ఎప్పుడూ చూడనివి బయటపడతాయి. వేళ్లకున్న ఉంగరం, చేతిలో చెప్పులు, వెనక నడిచిపోతున్నవాళ్లు. విశాఖపట్నంలో ఈ పని చేసే స్టూడియోలు దొరుకుతాయి, నెగెటివ్ స్కాన్ చేస్తారా అని ముందే అడిగి వెళ్లండి. పెట్టె తెరవగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంటే ఆలస్యం చేయొద్దు, ఫిల్ము పాడవడం మొదలైందన్నమాట. ప్రింట్లను కనీసం 600 డీపీఐలో, ఇంత చిన్నవాటిని 1200లో స్కాన్ చేయమనండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. వెనక రాయాలనుకుంటే మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బాల్ పెన్ను ఒత్తు ముందువైపుకు తేలుతుంది. లామినేషన్ ఎవరు చెప్పినా చేయించకండి.

మీవారి మాట కటువుగా ఉంది గానీ, దాని వెనక ఉన్నది కంగారు. ఆ వయసు మగవాళ్లలో చాలామందికి దుఃఖాన్ని కళ్ల ముందు నుంచి తీసేయడం ఒక్కటే తెలిసిన వైద్యం. ఆయనకు జపాన్ సంగతి చెప్పండి. 2011 మార్చిలో సునామీ వచ్చి ఊళ్లు కొట్టుకుపోయాక, బురదలో దొరికిన ఫోటోలను అక్కడివాళ్లు లక్షల సంఖ్యలో ఏరారు. వాలంటీర్లు ఒక్కొక్కటే కడిగి, ఆరబెట్టి, ఎవరివి వాళ్లు గుర్తుపట్టి తీసుకెళ్లేలా పెట్టారు. ఇల్లూ వాకిలీ పోయినవాళ్లు కూడా అక్కడికొచ్చి తమ ఫోటోల కోసం వెతుక్కున్నారు. ఆ తర్వాత ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క ఫోటో చూపించి దాని కథంతా చెప్పండి. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు మీరు తెలుసు, బొబ్బిలి తెలియదు. అన్నీ ఒకేసారి చూపిస్తే లేచి వెళ్లిపోతారు. ఒక్కటైతే వింటారు.

రోజూ ఒంటరిగా చూడటం మాత్రం కొంచెం తగ్గించండి. ఏడ్చినా తర్వాత కాస్త తేలికపడుతున్నారంటే ఫర్వాలేదు. నెలలు గడిచేకొద్దీ తిండి, నిద్ర తగ్గిపోతున్నా, ఇంటి పనులు చేయబుద్ధి కాకపోయినా, వాళ్ల దగ్గరికే వెళ్లిపోతే బాగుండునని అనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఉత్తరంలో పార్వతీపురం గురించి పేరు తప్ప ఒక్క మాట కూడా లేదు. ఆమె ఎక్కడుంది, ఎలా ఉంది, మీరిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు? పోయినవాళ్ల మీద ధ్యాసలో ఉన్నవాళ్లు పక్కకు జరిగిపోవడం సహజమే. ఆమె పెట్టెలోనూ మీరు ఎన్నడూ చూడని ఫోటోలు ఉండొచ్చు, పాలకొల్లు మొహం ఉన్నవి కూడా. బీచ్ ఫోటో ఆమెకు పంపి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని అడగండి. మీకు గుర్తున్నట్టు చెప్పదు, చూడండి. ఇద్దరూ చెప్పినవీ రాయండి, ఎవరిది నిజమో తేల్చాల్సిన పనిలేదు. ఫోన్లో ఆగకండి. వీలైతే వెళ్లి ఆమె దగ్గర రెండు రోజులు ఉండండి. ఆమె ఏ బెంగళూరులోనో పిల్లల దగ్గరుంటే విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సరిపోతుంది. మీవారు వస్తానంటే ఆయన్నీ తీసుకెళ్లండి. ఫోటోలు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. గట్టి అట్టల మధ్య పెట్టి చేతిసంచిలోనే ఉంచుకోండి.